ముక్కుకు నిమ్మకాయ కట్టిన విమానం

మా కాలనీ సంక్షేమ సంఘం రజతోత్సవ సంచికలో ‘మన పెద్దలు’ అనే శీర్షిక కింద ఇలా అచ్చయింది: “శ్రీ మొగిలయ్య గారు డ్రోన్ తాతగా అందరికీ సుపరిచితులు. తీరిక వేళల్లో డ్రోన్లు ఎగరేయడం వీరి హాబీ.”

ఉన్నవి రెండు వాక్యాలు, రెండూ తప్పే. మొగిలయ్య తన జన్మలో డ్రోన్‌ను ముట్టుకోలేదు. ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాడు ఈ కాలనీలో నాకింతవరకు తారసపడలేదు. ఇక తీరిక వేళలంటారా, ఆ విమానం కోసం ఆయన పడ్డ పాట్లు కళ్లారా చూసినవాడెవడూ ఆ మాట వాడడు.

సంచిక వెలువడిన రోజే సంఘం కార్యదర్శి ఫణీంద్రకు నిరసన లేఖ రాశాను. దాని నకలు నా దగ్గర ఉంది. జవాబుగా ఆయన వాట్సాప్‌లో ఒక బొటనవేలి బొమ్మ పంపాడు. దాన్ని కూడా కాగితం మీద ముద్రింపించి, తేదీ వేసి, ఆ నకలుకే గుచ్చి ఉంచాను. ముప్పయ్యేళ్లకు పైగా ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దినవాణ్ణి నేను. తప్పు అచ్చయితే సవరణ కూడా అచ్చు కావాలన్నది నా ధర్మం. ఈ సవరణ మూలం కన్నా చాలా పొడవైంది. అందుకు బాధ్యత రెండు వాక్యాల్లో ఇన్ని తప్పులు ఇరికించినవారిది.

మొగిలయ్యది ఆలేరు దగ్గర ఒక పల్లె. వడ్రంగం వాళ్ల ఇంటి వృత్తి. మీసాలు మొలిచే వయసులో నాచారం పారిశ్రామికవాడకు వచ్చి, ఇనుప పోతలు పోసే ఒక ఫౌండ్రీలో చేరాడు. అక్కడ ఆయన పని అచ్చులు చెక్కడం. ఈ పని గురించి తెలియనివారి కోసం చెబుతాను. ఒక పంపు ఒంటిని ఇనుముతో పోత పోయాలంటే ముందు అదే ఆకారం కొయ్యతో చేయాలి. ఆ కొయ్యను ఇసుకలో పూడ్చి, చుట్టూ దట్టించి, మెల్లగా పైకి తీస్తే ఇసుకలో ఆ రూపం గుల్లగా మిగులుతుంది. కరిగిన ఇనుమును ఆ గుల్లలో పోస్తారు. అంటే ఇనుప పంపు పుట్టక మునుపే టేకు పంపు ఒకటి మొగిలయ్య చేతిలో పుట్టేది. పుట్టగానే దాన్ని పూడ్చేసేవారు.

ఈ పనిలో ఇంకో విశేషం ఉంది. కరిగిన లోహం చల్లారితే కొంత ముడుచుకుంటుంది. అందుకని కొయ్య అచ్చును అసలు కొలత కన్నా ఒకింత పెద్దదిగా చేస్తారు. “జర ఎక్కువనే ఉంచాలె సారు. సల్లారినంక గుంజుకుంటది” అన్నది ఆయన నోట నేను తరచూ విన్న మాట. ఆ ‘జర ఎక్కువ’ ఆయన చేతుల్లోకి ఎంతగా ఇంకిపోయిందంటే, ఇంట్లో పీట చేసినా, కూతురికి పలక చట్రం చేసినా, ఏదీ కొలతకు సరిగ్గా ఉండేది కాదు. కాస్త పెద్దగానే ఉండేది.

ఆయన మనసులో ఒక వెలితి ఉండేది. దాన్ని మా వరండాలో కూర్చుని ఒకసారి చెప్పాడు.

“ఇన్నేండ్లు పని జేసిన. నేను జేసిందేదీ ఎవ్వనికీ కనబడదు సారు. ఒకటి బాయి అడుగునుంటది, ఒకటి మోరీల ఉంటది. నా కొయ్యేమో ఇసుకలకు పోయి, ఆ తర్వాత గోదాంల పడుతది. సూసి బాగున్నదన్నోడు లేడు, బాగలేదన్నోడు లేడు.”

ఇక విమానం. ఆయన కుర్రతనంలో సైనిక్‌పురి ఇప్పటిలా కాదు. ఇంటికీ ఇంటికీ నడుమ మైదానాలు ఉండేవి. వాయుసేనలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఆదివారాల్లో అక్కడ చిన్న విమానం ఎగరేసేవాడు. చేతిలో పొడుగాటి ఏరియల్ ఉన్న రేడియో పెట్టె, ఆకాశంలో గండుతుమ్మెదలా రొద చేస్తూ విమానం. మొగిలయ్య సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి, ఎండలో నిలబడి చూసి వచ్చేవాడు. ఒకనాడు ఆ విమానం వేపచెట్టును గుద్దుకుని రెక్క విరిగింది. మొగిలయ్య ఆ రెక్కను ఇంటికి తెచ్చి, అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియనంత నేర్పుగా అతికి ఇచ్చాడు. పెద్దాయన ముచ్చటపడి, విదేశాల నుంచి తెప్పించుకున్న ఒక కొత్త పెట్టెను ఆయన చేతిలో పెట్టాడు. లోపల విమానం విడిభాగాలు: దూదిలాంటి బాల్సా చెక్క, తీగలు, చక్రాలు, నిలువెత్తు పటం, ఇంగ్లీషులో సూచనల కరపత్రం. మూత మీద బొమ్మ. పచ్చిక బయలు, తెల్లమబ్బు, దాని కింద పసుపుపచ్చ విమానం.

పెట్టెలో లేనివి రెండు: ఇంజను, రేడియో. ఆ రోజుల్లో రెండూ దిగుమతి సరుకే. అవి దొరికినప్పుడు కట్టుకుందామని మొగిలయ్య సీలు తీయలేదు. పెళ్లయింది, ఇల్లయింది, కూతురు పుట్టింది. పెట్టె సజ్జ మీదికి ఎక్కింది. ఏటా సున్నాలప్పుడు దాన్ని దించి, తుడిచి, మూత మీద బొమ్మను కాసేపు చూసి, మళ్లీ ఎక్కించేవాడు. ఆయన భార్య లక్ష్మీనర్సమ్మ ఆ తంతుకు ఒక పేరు కూడా పెట్టింది. “మా ఆయిన ఇమానానికి దర్శనమిస్తుండు” అనేది.

కిందటేడు రంగులు వేయించేటప్పుడు ఆ పెట్టెను దించింది కూతురు సంతోషి. ఆమెకు ఉప్పల్ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పెట్టె ఫోటో తీసి, పాత విమానాల పెట్టెలంటే ప్రాణం పెట్టేవాళ్ల బృందం ఒకటి ఫేస్‌బుక్‌లో ఉంటే అందులో పెట్టింది. గంటలో అక్కడ పెద్ద జాతరే అయింది. మా నాన్న దగ్గర ఉండేదని ఒకరు, దీని కోసం చిన్నప్పుడు మూడు రోజులు అన్నం మానేశానని ఒకరు, ఆ బొమ్మ చూస్తే కళ్లు చెమర్చాయని ఇంకొకరు. పుణె నుంచి ఒక సేకర్త ఏకంగా ఫోన్ చేశాడు. సీలు మాత్రం తీయవద్దనీ, తీయకుండా ఇస్తే మంచి ధర ఇస్తాననీ, గాజు బీరువాలో పెట్టుకుంటాననీ బతిమాలాడు.

సంతోషి ఆ మాట మొగిలయ్య చెవిన వేసింది.

“తెరువకుంటనే గొప్పనటనా బిడ్డా? పెండ్లి జేసుకొని పిల్ల మొఖం సూడొద్దన్నట్టున్నది ఆయన లెక్క” అని, గోళ్లు కత్తిరించే కత్తెర తీసుకుని సీలు కోసేశాడు.

తీరా మూత ఎత్తి చూస్తే ఆయనకంటే ముందే ఒక ఎలుక తెరిచి చూసింది. వెనక మూల చిన్న కన్నం. లోపల దానికి రెక్కలు నచ్చలేదు, ఒంటి చెక్కలు నచ్చలేదు. తోకకు సంబంధించినవన్నీ శుభ్రంగా తినేసింది. పటం అంచు కూడా కొరకలేదు. అంత పద్ధతి గల ఎలుకను నేను పుస్తకాలలో కూడా చూడలేదు.

ఇక్కడే నేను రంగంలోకి వచ్చాను. సూచనల కరపత్రం ఇంగ్లీషులో ఉంది కాబట్టి దాన్ని తెలుగు చేసి చదివి వినిపించడం నా వంతు అయింది. (ఆ అనువాదం సాపు ప్రతి నా దగ్గర ఉంది. కావలసినవారు అడగవచ్చు.) ఇంజను బదులు సంతోషి కరెంటు మోటారు తెప్పించింది. కొత్త రేడియో కూడా వచ్చింది. ఇప్పుడది టిఫిన్ డబ్బా అంత ఉంది, పొడుగాటి ఏరియల్ కూడా లేదు. అన్నీ సమకూరాయి. తొందర మాత్రం మొదలైంది, అది గోడ వల్ల.

మొగిలయ్య పనిచేసిన ఫౌండ్రీ ఎప్పుడో మూతపడింది. షెడ్లు కూల్చేశారు. మా కాలనీ వెనకే ఆ స్థలం, తుమ్మచెట్లూ గడ్డీ తప్ప ఏమీ లేకుండా, దూరాన మౌలాలి గుట్ట కనిపిస్తూ విశాలంగా పడి ఉండేది. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు లేస్తాయట. ముందుగా చుట్టూ ప్రహరీ గోడ కడుతున్నారు. గోడ ఒక మూల నుంచి బయలుదేరి మూడు వైపులా తిరిగి, నాలుగో వైపు సగానికి వచ్చింది.

“నాగారం అవతల బోలెడు ఖాళీ ఉందయ్యా. అక్కడ ఎగరేద్దాం, ఎందుకీ పరుగు?” అన్నాను.

“నాగారంల కాదు సారు” అన్నాడు మొగిలయ్య. “నేను జేసినయన్నీ ఆ జాగల్నే పూడ్చిన్రు. ఒక్కటన్నా ఆ మట్టి మీదికెళ్లి లేవాలె. ఒక్కసారే. తర్వాత గోడనే కట్టుకోనీ, గోపురమే కట్టుకోనీ.”

 ఆ స్థలం సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి, గోడ కలిసేదాకా ఆదివారం ఉదయాలు వాడుకోవచ్చని రాయించుకుని వచ్చాను. ఆయన నోటి మాట చాలన్నాడు. నాకు చాలదు.

విమానం కట్టడం మొదలైంది. రెక్కల ఎముకల గూడు మీద పరచడానికి పలచటి కాగితం కావాలి. పెట్టెలోది పొడిపొడి అయిపోయింది. మొగిలయ్య పాతబస్తీ వెళ్లి పసుపుపచ్చ పతంగి కాగితం తెచ్చాడు. దాన్ని అంటించి, నీళ్లు చిలకరించి ఆరనిస్తే డోలు చర్మంలా బిగిసింది. లక్ష్మీనర్సమ్మ దాన్ని వేలితో మీటి చూసి, “బతుకమ్మకు వాయించొచ్చు” అంది.

తోక దగ్గర మాత్రం మా ఇద్దరికీ పేచీ వచ్చింది. పోయిన ముక్కలను కొత్తగా చేయాలి. ‘తోక భాగాన్ని వీలైనంత తేలిక చెక్కతో చేయవలెను’ అని కరపత్రంలో ఉన్నది ఉన్నట్టు చదివాను.

మొగిలయ్య బాల్సా ముక్కను గోటితో నొక్కాడు. గుంట పడింది. “ఇదేం కొయ్య సారు? పేలాల ముద్ద. ఇసుకల పెట్టి ఒక్క దెబ్బేస్తే మాయమైతది.”

“దీన్ని ఇసుకలో ఎవరు పెడతారయ్యా?”

“పెట్టరు. అయినా తోకంటే పడవకు చుక్కాని అసొంటిది. గట్టిగుండొద్దా?”

“కరపత్రంలో అలా రాయలేదు.”

“కరపత్రం రాసినోడు ఎలకను సూసిండా?”

 ఆయన సజ్జ మీద దాచుకున్న పాత టేకు పలక తీశాడు. దాన్ని చిత్రిక పట్టి, నునుపు చేసి, నిక్షేపంలాంటి తోక తయారుచేశాడు. అందం చూస్తే పెళ్లికూతురి జడపట్టీలా ఉంది. పటం మీద పెట్టి చూస్తే గీతల కన్నా చుట్టూ ఒకింత పెద్దగా ఉంది. నేను వేలు పెట్టి చూపించాను.

“చేతికి అలవాటు” అన్నాడు సిగ్గుపడుతూ. “సల్లారితే సరిపోతది.”

ఎగరేయడం నేర్చుకోవడానికి సంతోషి తన ల్యాప్‌టాప్‌లో ఒక ఆట వేసి ఇచ్చింది. తెర మీద విమానం, చేతిలో నిజమైన రేడియో పెట్టె. మొగిలయ్య తెర మీది విమానాన్ని తెర మీది చెట్లకు, ఇళ్లకు, ఒకసారి సూర్యుడికి కూడా కొట్టాడు. “ఇంక సాలు నాయినా, కంపెనీ ల్యాప్‌టాప్, పొగొస్తే నన్ను తీసేస్తరు” అని కూతురు, “తెర మీద సచ్చిన ఇమానాలకు దినం ఎవరు జేస్తరు?” అని తల్లి. ఆయన ఇవేవీ పట్టించుకోలేదు. నెల తిరిగేసరికి తెర మీది విమానం బుద్ధిగా దిగడం నేర్చుకుంది.

విమానం పూర్తయిన రోజు లక్ష్మీనర్సమ్మ ఒకటే పట్టు పట్టింది. “పూజ గాకుంట ఇంట్లకెళ్లి బండి ఎల్లదు.”

“ఇది బండా?” అన్నాడు మొగిలయ్య.

“చక్రాలున్నయా లేవా?”

మూడున్నాయి. చేసేదేం లేక విమానాన్ని ఎత్తుకుని సందు చివరి ఆంజనేయస్వామి గుడికి వెళ్లాం. కొత్త కార్ల వెనుక వరుసలో నిలబెట్టాం. పూజారి దాన్ని నలువైపులా చూసి, “రిజిస్ట్రేషన్ నంబరు?” అని అడిగి తానే నవ్వి, రెక్కల మీద స్వస్తికం వేయబోయాడు. పతంగి కాగితానికి చిల్లు పడుతుందని మొగిలయ్య ఆయన చేయి పట్టుకున్నంత పని చేశాడు. ముక్కు మీద ఒక బొట్టుతో రాజీ కుదిరింది.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం దగ్గర అసలు తిరకాసు వచ్చింది. కార్లయితే కదలగానే కాయ చితికి రసం చిమ్ముతుంది. ఈ విమానం కాయల మీదికి ఎక్కి, దర్జాగా అక్కడే కూర్చుంది. నెట్టితే కాయలే దొర్లాయి గానీ ఒక్కటీ చితకలేదు. వరుసలో ఉన్నవాళ్లు ఫోన్లు తీశారు. “ఇంకా బరువెక్కాలి తాతా, అన్నం పెడుతున్నావా దానికి?” అని ఎవరో కేక వేశారు.

చితకని నిమ్మకాయ దిష్టి తీయదు కదా అని లక్ష్మీనర్సమ్మకు బెంగ. పూజారి మార్గం చెప్పాడు: తొక్కలేకపోతే కట్టుకోండి. ఆవిడ గుడి ముందు అమ్మే దిష్టి దండ తెచ్చింది. నల్లజీడి గింజ, పచ్చిమిరపకాయలు, వాటి నడుమ బొద్దుగా ఒక నిమ్మకాయ. ముక్కు కింద ముందు చక్రం కాడకు, ముందు తిరిగే పంకాకు తగలకుండా, గట్టిగా బిగించి కట్టింది.

ఇంటికి వచ్చాక కరపత్రంలో చివరి అంశం మిగిలింది, తూకం చూడటం. రెక్కల కింద, పటంలో గుర్తు పెట్టిన చోట, రెండు చూపుడువేళ్లు ఆనించి విమానాన్ని ఎత్తాలి. అటూ ఇటూ ఒరగకుండా నిలిస్తే ఎగరడానికి సిద్ధమైనట్టు. మొగిలయ్య ఎత్తాడు. త్రాసు ముల్లులా నిలబడింది. టేకు తోక మీద నాకున్న అనుమానాన్ని నేను ఉపసంహరించుకున్నాను.

మొదటి ఆదివారం. గోడ అప్పటికి నాలుగో వైపు ముప్పావు దూరం వచ్చేసింది. లక్ష్మీనర్సమ్మ రాలేదు. “అది పడితే నేను సూడలేను” అని ఇంట్లోనే ఉండిపోయింది. నేను, మొగిలయ్య, సంతోషి బయలుదేరాం. అక్కడ ఫణీంద్ర ప్రత్యక్షమయ్యాడు.

“గోపాలరావు గారూ, డ్రోన్‌కి పర్మిషన్ ఉందాండీ?”

“ఇది డ్రోన్ కాదు ఫణీంద్రా. డ్రోన్ గాలిలో తనంతట తాను నిలబడుతుంది. దీన్ని మనిషి నిలబెట్టాలి. స్థలంవారి అనుమతి కాగితం ఇదిగో, నకలు మీకు.”

“ఏదైనా ఒకటేగా అంకుల్, గాల్లో ఎగిరేదేగా?”

ఆ లెక్కన కాకి కూడా డ్రోనే అన్నాను. ఆయన నవ్వి, ఫోన్ తీసి వీడియోకు సిద్ధమయ్యాడు.

వీడియో అనగానే మొగిలయ్య విమానాన్ని ఒకసారి పరకాయించి చూసుకున్నాడు. చంకలో తెచ్చిన పెట్టె మూతను పక్కన పెట్టి పోల్చాడు. మూత మీద బొమ్మలో అదే పసుపు, అదే రెక్క, అదే ముక్కు. నిమ్మకాయ మాత్రం లేదు. కుర్రతనం నుంచి తాను చూసిన బొమ్మ నిజమయ్యే వేళ దాని మెడలో మిరపకాయలు వేలాడటం ఆయనకు నచ్చలేదు. అటూ ఇటూ చూసి, దండ విప్పి, చొక్కా జేబులో వేసుకున్నాడు.  దిష్టి దండ అనేది కారుకు కట్టినా దుకాణానికి కట్టినా దిష్టికే సంబంధించింది. దానికి బరువు కూడా ఉంటుందన్న స్పృహ ఆ వేళ అక్కడ నిలబడ్డ నలుగురిలో ఒక్కరికీ కలగలేదు.

విమానం గడ్డి మీద పరుగెత్తింది. లేచింది. లేచినది ముందుకు పోవాలి గదా, ముక్కు ఆకాశానికెత్తి నిటారుగా పైకి పోయింది, అలిగిన గుర్రంలా. మొగిలయ్య రేడియో పెట్టె మీది పుల్లను ఎంత ముందుకు తోసినా దించలేకపోయాడు. ఒక్క క్షణం అక్కడే ఆగి, తోక కిందుగా జారి, గిరగిర తిరుగుతూ గడ్డిలో కూలింది.

 కుడి రెక్క నడిమికి విరిగింది. చిత్రమేమిటంటే టేకు తోకకు గీత కూడా పడలేదు. మొగిలయ్య దాన్ని ఎత్తుకుని, పూడ్చిన చోటు వెతుకుతున్నవాడిలా నేల కేసి చూస్తూ నడిచాడు. “చేతులు ముసలైనయి సారు” అన్నాడు, అంతే.

ఆ సాయంత్రం చొక్కా నానబెట్టబోతూ లక్ష్మీనర్సమ్మ జేబులో చేయి పెట్టింది. నేను అప్పుడు వాళ్ల ముందు గదిలోనే విరిగిన రెక్క పట్టుకుని కూర్చున్నాను.

“జేబుల నిమ్మకాయేంది?”

మొగిలయ్య విమానం ముక్కుకు అంటిన మట్టి తుడవసాగాడు.

“నిన్నే అడుగుతున్న. పచ్చడి వెట్టుకుందామని దెచ్చినవా? ఇప్పినవా? ఇప్పి ఎగరేసినవా?”

“బొమ్మల లేదే అది...”

“బొమ్మల నువ్వున్నవా? నేనున్ననా? బొమ్మల ఆ గోడ ఉన్నదా? అన్నా, జూసినవా ఈయన తెలివి! వద్దన్నదే జేసిండు, పడ్డది. ఇంక చేతులు ముసలైనయని ఇంటోళ్లందరికీ జెప్పుతుండు.”

నేను కరపత్రం మడతపెట్టి జేబులో వేసుకున్నాను. ఆ సమయంలో అందులో చదవదగిన అంశమేదీ నాకు కనిపించలేదు.

మొగిలయ్య రెక్కను అతికాడు. అదే అతుకు, సైనిక్‌పురి పెద్దాయన రెక్కకు వేసినది. వేలితో తడిమినా తెలియదు. అతికాడు గానీ, ఎగరేయాలన్న మాట మాత్రం రెండు వారాలు ఎత్తలేదు. గోడ ఆ రెండు వారాలూ నడిచింది. ఒక శనివారం సూపర్‌వైజరు నాకు ఫోన్ చేసి, సోమవారం ఆఖరి ఖాళీ కూడా మూసేస్తున్నామని చెప్పాడు. నేను ఆ కబురు మొగిలయ్యకు చెప్పాను. ఆయన విమానం రెక్క మీది దుమ్ము తుడుస్తూ, “ఇంకోసారి పడితే అతకనీకి నాతోని కాదు సారు” అన్నాడు. పెట్టె ఒక్కటే. అలాంటిది మళ్లీ ఎక్కడా తయారుకాదు.

వంటింట్లోంచి జవాబు వచ్చింది. “ఈసారి నేనొస్త. ఎట్ల పడుతదో సూస్త.”

ఆదివారం తెల్లగా తెల్లవారింది. ఆఖరి ఖాళీలోంచి ఒక్కొక్కరం లోపలికి దూరాం. మేస్త్రీలు అప్పటికే సిమెంటు కలుపుతున్నారు. లక్ష్మీనర్సమ్మ కొంగులోంచి కొత్త దిష్టి దండ తీసింది. ఈసారి కాయను ఆవిడే ఏరి తెచ్చింది, అంతకు ముందుదానికి ఏమాత్రం తీసిపోదు. చక్రం కాడకు మూడు ముళ్లు వేసింది.

“ఇప్పు, జూస్త” అంది మొగుడితో.

మొగిలయ్య విప్పలేదు. పెట్టె మూత కూడా ఆ రోజు తేలేదు.

విమానం పరుగెత్తింది. గడ్డి కొసలను రాసుకుంటూ లేచింది. ముక్కు ఎత్తలేదు, తోక జారలేదు. నీళ్ల మీద పడవలా నిదానంగా గోడ కన్నా పైకి, తుమ్మచెట్ల కన్నా పైకి పోయి, మౌలాలి గుట్ట వైపు తిరిగి, పొద్దు వెలుగు రెక్కల కాగితంలోంచి దూరి పసుపు దీపంలా మెరుస్తూ మా నెత్తి మీదుగా వెళ్లింది. దాని కింద మిరపకాయలు రెపరెపలాడాయి. మేస్త్రీలు తాపీలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

“ఓ పెద్దాయనా, ఎవరు జేసిన్రు దాన్ని?” గోడ మీంచి ఒకాయన అరిచాడు.

మొగిలయ్య కళ్లు ఆకాశం మీదినుంచి తిప్పలేదు. జవాబు మాత్రం ఆ మైదానమంతా వినిపించేలా చెప్పాడు: “నేనే జేసిన!”

“మస్తున్నది!”

ఇంత చిన్న మాట కోసం ఒక మనిషి ఇన్నేళ్లు ఎదురుచూస్తాడని ఏ గ్రంథంలోనూ చదవలేదు నేను.

మూడు చుట్లు తిప్పి దించాడు. దిగగానే లక్ష్మీనర్సమ్మ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మా అందరినీ ఒక్కొక్కరిగా చూసింది. ఎవ్వరూ ఆవిడ కళ్లలోకి చూడలేదు. మొగిలయ్య మాత్రం గడ్డిలో కూర్చుని విమానాన్నే పరీక్షిస్తున్నాడు. ఏదో అనుమానం వచ్చి, రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తాడు. నిలబడింది. దండ విప్పి మళ్లీ ఎత్తాడు. తోక ధబ్బున కిందికి వాలింది. దండ కట్టాడు, నిలబడింది.

“సారు” అన్నాడు నెమ్మదిగా. “టేకు.”

నాకు అప్పటికి వెలిగింది. ఆయన గట్టిదనం కోసం పెట్టిన టేకు, అలవాటు కొద్దీ వదిలిన ఆ ‘జర ఎక్కువ’, ఇవన్నీ కలిసి తోకను బరువెక్కించాయి. పాతకాలపు ఇంజను కన్నా ఈ మోటారు తేలిక కాబట్టి ముక్కు అసలే తేలింది. ఆ వెలితిని సరిగ్గా పూడ్చింది దిష్టి నిమ్మకాయ. గుడి నుంచి వచ్చాక మేము తూచింది దండతో కలిపి. ఎగరేసింది దండ లేకుండా.

సంగతంతా మొగిలయ్య భార్యకు విడమరిచి చెప్పాడు. తోక బరువు, ముక్కు బరువు, వేళ్ల మీద తూకం. ఆవిడ ఓపికగా విన్నది.

“అంటే నిమ్మకాయ లేకుంటే పడుతది, ఉంటే పడదు. గంతే గదా?”

“గంతే. కని అది బరువు వల్ల...”

“గదే నేను ముందుగాల జెప్పిన. నీకు తోక జేసిన్నాడు సమజు గాలే, ఇప్పుడయింది.”

నేను ఈ తర్కాన్ని రెండు మూడు వైపుల నుంచి పరిశీలించాను. ఖండించడానికి ఒక్క పట్టు కూడా దొరకలేదు.

సోమవారం గోడ కలిసింది. మొగిలయ్య ఇప్పుడు సంతోషి స్కూటీ వెనక కూర్చుని, విమానాన్ని ఒళ్లో పెట్టుకుని నాగారం అవతలికి వెళ్తాడు. ఎగరేస్తాడు, వస్తాడు. నిమ్మకాయ ఎండుతూ వస్తే బరువు తగ్గి ముక్కు మళ్లీ లేస్తుందని గ్రహించి, టేకుతోనే ఒక నిమ్మకాయ చెక్కాడు. లోపల తొలిచి, సీసం కూరి, పసుపు రంగు వేశాడు. తూకానికి అచ్చం కాయే. లక్ష్మీనర్సమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, “మంచిగున్నది. అల్మారాల పెట్టు” అంది. శనివారం శనివారం గుడి ముందు దండలమ్మేవాడు కొత్త దండ కట్టి ఇస్తున్నాడు. మొదటిసారి “దుకానుకా అమ్మా, ఆటోకా?” అని అడిగాడట. “ఇమానానికి” అన్న జవాబు విని, నవ్వి, ఊరికే ఒక మిరపకాయ ఎక్కువ గుచ్చి ఇచ్చాడట. ఆ ఒక్క మిరపకాయ వల్ల ముక్కు వాలిందని మొగిలయ్య దాన్ని తెంపేశాడు. ఆ వారం ఇంట్లో మాటల్లేవు.

పుణె సేకర్త మళ్లీ రాశాడు, విమానం అసలు రూపంలోనే ఉందా అని. తోక, కాగితం, నిమ్మకాయ తప్ప పెట్టెలోదంతా అసలుదేనని సంతోషి జవాబిచ్చింది. ఆయన ఇంకా ఏమీ అనలేదు.

కాబట్టి రజతోత్సవ సంచికలో ఈ సవరణ చేయవలసిందిగా కోరుతున్నాను: “శ్రీ మొగిలయ్య గారు నాచారం ఫౌండ్రీలో అచ్చులు చెక్కారు. మూతపడ్డ ఆ ఫౌండ్రీ నేల మీద, గోడ మూసుకునే ముందు రోజున, తాను చేసిన విమానాన్ని ఎగరేశారు. నిమ్మకాయ శ్రీమతి లక్ష్మీనర్సమ్మ గారిది.”

ఫణీంద్రకు పంపాను. బొటనవేలు వచ్చింది. ముద్రింపించాను.